నిన్న తప్పు చేసినవాడే ఈరోజు చెప్పాలి

అనంతపురం జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల లెక్కల టీచర్ని. బడి అయ్యాక పదో తరగతి పిల్లలకు జరిగే స్టడీ అవర్ నా బాధ్యత. దానికి వచ్చేవాళ్లలో చదువంటే ఇష్టం లేక వెనకబడినవాళ్లు తక్కువ. శనక్కాయ పీకే రోజుల్లో అమ్మానాన్నలతో చేనికి పోయినవాళ్లు, ఇంట్లోవాళ్లు బెంగళూరుకు కూలికి వెళ్తే వాళ్ల వెంట వెళ్లి వచ్చినవాళ్లు ఎక్కువ. ఆ వారాల్లో బడిలో జరిగిన పాఠం వాళ్లకు లేనట్టే. లెక్కల్లో అలాంటి ఖాళీ ఒకచోట ఆగదు. ఏడో తరగతిలో ప్లస్సు, మైనస్సుల లెక్క తప్పిపోయినవాడికి పదిలో వర్గ సమీకరణం అందదు. వాడికి పదో తరగతి పాఠాన్ని ఇంకోసారి గట్టిగా చెప్పడం వల్ల ప్రయోజనం ఉండదు. ఎక్కడ తెగిందో అక్కడ ముడి వేయాలి. నలభైమంది కూర్చున్న గదిలో ఆ పని నేనొక్కదాన్నే చేయలేను. అందుకే పిల్లల చేత పిల్లలకు చెప్పిస్తాను.

స్లిప్ టెస్టు పేపర్లు దిద్దాక వాటిని మార్కుల వరసలో పేర్చను, తప్పుల వరసలో పేరుస్తాను. 8 − (5 − 2) ఇస్తే జవాబు 5 రావాలి. బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలి గుర్తును మారుస్తుందని తెలియనివాళ్లు 1 అని రాస్తారు. వాళ్లది ఒక కట్ట. 1/2, 1/3 కలపమంటే పైవి పైన, కిందివి కింద కూడి 2/5 అని రాసేవాళ్లది ఇంకో కట్ట. సరూప త్రిభుజాల్లో ఏ భుజానికి ఏది అనురూపమో తేల్చుకోలేక నిష్పత్తిని తలకిందులు చేసేవాళ్లది మరొకటి. తక్కువ మార్కులు వచ్చిన పిల్లా, ఎక్కువ వచ్చిన పిల్లా ఒకే కట్టలో కనబడటం చాలాసార్లు జరుగుతుంది. అప్పుడు తెలివైనవాళ్లు, మొద్దులు అనే లెక్క పోతుంది. ఈ తప్పు సరిచేసుకోవలసినవాళ్లు అన్న లెక్కే మిగులుతుంది.

ఒక్కో కట్టకు చెప్పేవాళ్లను ఎంచడంలోనే అసలు పని ఉంది. చాలాచోట్ల క్లాస్ ఫస్ట్ వచ్చినవాళ్లను లీడర్లుగా పెడతారు. ఆ కట్టలోని తప్పునే పోయిన నెలలో చేసి, దాటి వచ్చినవాళ్లను నేను పెడతాను. ఎప్పుడూ తడబడని పిల్లకు ఎదుటివాడు ఎక్కడ ఆగాడో కనబడదు. నాలుగు మెట్లను ఒక్క మెట్టుగా చెప్పి, "ఇది ఈజీనే కదా" అంటుంది. ఆ మాటతో ఎదుటివాడి నోరు మూతపడుతుంది. మొన్నమొన్ననే నేర్చుకున్న పిల్లకు తానెందుకు తప్పు రాసిందో ఇంకా గుర్తుంటుంది.

అలాంటి ఒకమ్మాయి బ్రాకెట్ లెక్కను ఒక పిల్లాడికి ఇలా చెప్పింది: "నా దగ్గర ఎనిమిది రూపాయలుండాయి. నీకు ఐదు ఇయ్యాల. దాంట్లో నువ్వు రెండు తగ్గించినావు. అట్లయితే నేను ఇచ్చేది మూడే. నా దగ్గర ఎంత మిగలాల?" వాడు ఐదని చెప్పి, తన నోట్సులోని 1 వంక చూసి, తనే కొట్టేశాడు. అప్పులో తగ్గింపు వస్తే అది మన చేతికి మిగిలినట్టేనని వాడికి ఇంట్లో తెలుసు. నోట్సులో ఉన్నది కూడా ఆ లెక్కేనని ఆ అమ్మాయి చూపించింది.

పిల్లలను జతచేసి వదిలేస్తే మాత్రం నోట్సులు కాపీ అవుతాయి, అంతకు మించి ఏమీ జరగదు. అందుకే కొన్ని పద్ధతులను కచ్చితంగా పాటిస్తాను. పెన్ను నేర్చుకునేవాడి చేతిలోనే ఉండాలి, చెప్పేవాళ్లు ముట్టుకోకూడదు. "తర్వాత ఏం చేస్తావు?", "ఎందుకు?" అని అడగాలి, జవాబు చెప్పకూడదు. జతలను నేనే వేస్తాను. వాళ్లకే వదిలితే ఒకే వీధివాళ్లు, ఒకే కులంవాళ్లు ఒకచోట చేరతారు. ఇరవై నిమిషాలయ్యాక కొత్త లెక్క ఇస్తాను. నేర్చుకున్నవాడు దాన్ని ఎవరి సాయమూ లేకుండా నా ముందు చేయాలి. పక్క ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు బస్సు వేళకు వెళ్లిపోవాలి కాబట్టి వాళ్ల జతలు మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుంటాయి.

ఇంకొక నియమం నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఎవరూ ఎప్పుడూ నేర్చుకునేవాళ్లుగానే ఉండిపోకూడదు. లెక్కల్లో సాయం తీసుకున్న పిల్లాడు సోషల్‌లో మ్యాపు గుర్తించడం నేర్పిస్తాడు. హిందీ బాగా వచ్చిన పిల్ల హిందీ చదివిస్తుంది. ఒక్క సబ్జెక్టులోనైనా ఇంకొకరికి చెప్పగలిగిన పిల్లకు, మరో సబ్జెక్టులో "నాకు అర్థం కాలేదు" అనడం చిన్నతనంగా తోచదు.

"మా పాప టైమంతా వేరేవాళ్లకు పోతే ఎట్లా మేడం?" అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ పాప నోట్సు తీసి చూపిస్తాను. ఇంకొకరికి చెప్పడం మొదలుపెట్టాక తన జవాబుల్లో దాటేసిన మెట్లుండవు. పబ్లిక్ పరీక్షలో మార్కులు పడేది ఆ మెట్లకే. పైగా చెప్పేవాళ్లకు కొత్త సందేహాలు పుడతాయి. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎట్లయితుంది టీచర్? వాడు అడిగితే చెప్పలేకపోయినా" అంటూ వస్తారు. తరగతిలో పాఠం వింటున్నప్పుడు ఆ ప్రశ్న ఎవరికీ రాదు. చెప్పాల్సి వచ్చినప్పుడే వస్తుంది.

ఈ పద్ధతి మన నేలకు కొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లోని బళ్ల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బళ్లున్నాయి, వాటిలో 226 తెలుగు బళ్లు. అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉంది, 1882లో వేరుపడింది. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెప్పడం, చెబుతూ తమ చదువును గట్టిపరచుకోవడం ఈ వీధిబళ్లలో క్యాంబెల్ చూశాడు, మెచ్చుకున్నాడు. అంతకు ముందే ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో పిల్లల చేతనే పిల్లలకు చెప్పించాడు. 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం వేశాడు. అక్కడది మద్రాసు పద్ధతిగా పేరుపొందింది.

ఆ చరిత్రలో మనకొక హెచ్చరిక కూడా ఉంది. ఇంగ్లండులో జోసెఫ్ లాంకాస్టర్ వంటివాళ్ల చేతుల్లో ఇది వందలమందికి ఒక్క మాస్టరుతో సరిపెట్టే చవక ఏర్పాటైంది. పిల్లలు పాఠం ఒప్పచెప్పే యంత్రాలయ్యారు. టీచరు ఖాళీలను పిల్లలతో పూడ్చాలని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. పిల్లల చేత చెప్పించినప్పుడు టీచరు పని తగ్గదు, పెరుగుతుంది. తప్పులు వేరుచేయాలి, జతలు వేయాలి, ప్రతి జత చివర నిలబడి సరిచూడాలి. అందుకు బడి టైం టేబుల్లోనే చోటివ్వాలి.

పదో తరగతి లెక్కల్లో పాసు మార్కులు వందకు 35. అవి రావాలని నేనూ ఆశపడతాను, అందుకోసం పనిచేస్తాను. అంతకన్నా ముందు, తనకు రానిదాన్ని పక్కవాణ్ణి అడగగలగడం, వచ్చినదాన్ని దాచుకోకుండా చెప్పగలగడం ప్రతి పిల్లకూ అలవాటు కావాలి. తోటి టీచర్లను ఒకటే అడుగుతున్నాను. ఈసారి స్లిప్ టెస్టు దిద్దాక ఒక్క తప్పును పట్టుకోండి. దాన్ని ఈమధ్యే దాటిన పిల్లను వెతకండి. ఇంకా దాటని పిల్ల పక్కన కూర్చోబెట్టి, ఇరవై నిమిషాలు ఇవ్వండి.