రెండుసార్లు తట్టండి

తట్టడం మనకు కొత్త పని కాదు. పొద్దున్నే పక్కింటి తలుపు తడతాం. బిడ్డ నిద్రపోవాలని వీపు తడతాం. బాగా చదివినవాడి భుజం తడతాం. కానీ "నా వల్ల కాదు, ఇక వదులు" అని చెప్పడానికి తట్టడం ఒకటుంది. అది మేము నలభై దాటాక, అదీ మా పిల్లల దగ్గర నేర్చుకున్నాం.

ఆ విద్య పేరు బ్రెజిలియన్ జియు-జిత్సు. ఆ పేరు సరిగా పలకడానికే మాకు రెండు వారాలు పట్టింది. మాలో ఒకాయన ఇప్పటికీ "జిట్టు" అనే అంటాడు. ఇందులో గుద్దడం, తన్నడం ఉండవు. ఎదుటివాడిని కిందికి తెచ్చి, మెడకో మోచేతికో భుజానికో పట్టు బిగించి, ఇక తప్పించుకోలేడు అన్న చోటికి తేవాలి. అక్కడ చిక్కినవాడు ఎదుటివాడి ఒంటి మీదో మ్యాట్ మీదో రెండు మూడుసార్లు తడతాడు. ట్యాప్ అంటారు దాన్ని. చెయ్యి ఆడకపోతే నోటితో చెప్పినా చాలు. తట్టిన మరుక్షణం అవతలివాడు వదిలేయాలి. ఈ ఒక్క నియమం మీదే విద్యంతా నడుస్తుంది.

మేము నలుగురం తండ్రులం. శనివారం సాయంత్రాలు పిల్లలను హైదరాబాద్ శివారులోని ఒక శిక్షణ కేంద్రానికి బండ్ల మీద తీసుకెళ్లి, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని టీ తాగేవాళ్లం. ఊరికే తాగుతామా? "పట్టుకోరా! వదలకురా!" అని సలహాలు కూడా ఇచ్చేవాళ్లం. కొన్నాళ్లు ఓపికగా విన్న మాస్టారు ఒకరోజు నవ్వుతూ, "అన్నా, కుర్చీలోంచి చాలా బాగా చేస్తున్నారు. వచ్చే వారం నుంచి పెద్దలకూ పిల్లలకూ కలిపి క్లాసు పెడుతున్నా, మ్యాట్ మీదికి రండి" అన్నాడు. కాదంటే పిల్లల ముందు పరువు పోతుంది. సరే అంటే ఏమేం పోతాయో అప్పటికి మాకు తెలియదు.

మొదట పోయింది బెల్టు. ఇరవై ఏళ్లుగా లుంగీ జారకుండా కట్టుకుంటున్నవాళ్లం, ఆ తెల్ల బెల్టు ముడి మాత్రం ఐదు నిమిషాలు నిలబెట్టలేకపోయాం. తర్వాత పోయింది పెద్దరికం. క్లాసు మొదట్లో అందరూ బెల్టుల వరసలో నిలబడాలి. పెద్దలకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. పిల్లలకు వేరే రంగులుంటాయి. నలుపు దాకా చేరడానికి సుమారు పదేళ్లు పడుతుంది. మేము వయసులో అందరికంటే పెద్దలం, వరసలో అందరికంటే చివర. మా ముందు మా పిల్లలు. ఒకమ్మాయి వెనక్కి తిరిగి, "అంకుల్, మీ బెల్టు ఊడింది" అని చెప్పి, మళ్లీ బుద్ధిగా ముందుకు తిరిగింది.

ఆ తర్వాత రొయ్య. వెల్లకిలా పడుకుని, కాళ్లతో నేలను తన్ని, నడుమును వెనక్కి జరుపుతూ ఒళ్లు వంచాలి. మీద పడ్డవాడి కింద నుంచి బయటపడే మొదటి పాఠం ఇదే. ఆ కదలిక రొయ్యలా ఉంటుందని దానికి ఇంగ్లీషులో ఆ పేరే పెట్టారు. పిల్లలు ఈ గోడ నుంచి ఆ గోడకు సర్రున జారిపోయారు. మాలో ఇద్దరు ఉన్నచోటే గుండ్రంగా తిరిగారు. ఒకాయన ఎంత కష్టపడ్డాడంటే, బయల్దేరిన గోడకే మళ్లీ చేరుకున్నాడు. "రొయ్యలు తినడం వేరు, అవడం వేరు" అని ఆయనే ఒప్పుకున్నాడు.

బలం సంగతి కూడా చెప్పాలి. మాలో ఒకరు డెబ్బై ఐదు కిలోల వడ్ల బస్తాను ఇప్పటికీ ఒక్కరే భుజానికెత్తుతారు. ఆయనకు జోడీగా యాభై కిలోలు కూడా లేని కాలేజీ అమ్మాయి వచ్చింది. "చూసి చెయ్యి తల్లీ, దెబ్బ తగులుతుంది" అన్నాడాయన. తగిలింది, ఆయనకే. నిమిషంలో ఆయన చెయ్యి ఆమె రెండు కాళ్ల మధ్య చిక్కింది. తట్టాడు. లేచాక ఆ అమ్మాయి, "అంకుల్, మీరు ఊపిరి బిగబడుతున్నారు, వదులుతూ ఉండండి" అని మర్యాదగా చెప్పింది. తిరుగు దారిలో ఆయన మాతో అన్నమాట ఇది: "వడ్ల బస్తా ఎదురు తిరగదురా. అందుకే ఇన్నాళ్లూ నాకు బలం ఉందనుకున్నా."

ఈ విద్య పుట్టిన కథలోనూ ఇలాంటి సంగతే ఉంది. జపాన్ జూడో వీరుడు మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన తెచ్చిన విద్య అక్కడి గ్రేసీ సోదరులకు అందింది. వారిలో చిన్నవాడైన హీలియో బక్కపలచని మనిషి. బలం కంటే మెలకువ మీద ఆధారపడేలా పట్లను సానబెట్టినవాడిగా ఆయనకు పేరు. 1951 అక్టోబరులో రియో నగరంలోని మరకానా స్టేడియంలో ఆయన, తనకంటే ఎంతో బరువైన జపాన్ యోధుడు మసాహికో కిమురాతో తలపడ్డాడు. కిమురా ఆయన చేతిని వెనక్కి మెలిపెట్టాడు. ఎముక విరిగింది. అయినా హీలియో తట్టలేదు. చివరికి అన్న కార్లోస్ తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు.

ఓడిన ఇల్లు ఆ తర్వాత చేసిన పని మాకు ఎంతో నచ్చింది. తమను ఓడించిన ఆ పట్టును దాచిపెట్టలేదు, దాని మీద పగ పెంచుకోలేదు. దాన్ని నేర్చుకున్నారు, నేర్పారు, గెలిచినవాడి పేరే దానికి పెట్టారు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ జియు-జిత్సు నేర్పినా ఆ పట్టు పేరు కిమురాయే. మా పిల్లలకూ అదే పేరు తెలుసు.

ఇప్పుడు మాలో ఇంకొకాయన సంగతి. ఆయన అనుమతితోనే చెబుతున్నాం. ఊళ్లో నలుగురి తగాదాలు తీర్చే మనిషి. అన్నమాట వెనక్కి తీసుకున్నట్టు మేమెన్నడూ వినలేదు. కొడుకు పదో తరగతి లెక్కల్లో తప్పినప్పటి నుంచి ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఒకే బండి మీద నలభై నిమిషాలు ముందూ వెనకా కూర్చుని వచ్చేవారు. బండి చప్పుడు తప్ప మరో చప్పుడు ఉండేది కాదు.

ఒక శనివారం మాస్టారు ఆ ఇద్దరినీ జోడీ కట్టాడు. కాసేపటికి కొడుకు తండ్రి వెనక్కి చేరి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. బ్రెజిల్‌లో ఆ పట్టును సింహాన్ని చంపేది అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. సింహం తట్టలేదు. ముఖం ఎండు మిరపకాయ రంగుకొచ్చింది. మేము ముగ్గురం ఉన్నచోటే ఆగిపోయాం. మాస్టారు అడుగు ముందుకు వేసేలోగా అబ్బాయే చెయ్యి వదిలేశాడు. వదిలి, "నాన్నా, తట్టకపోతే నిద్రపోతావు" అన్నాడు.

ఆ పట్టు పూర్తిగా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. వాడు చెప్పింది దాని గురించే. కానీ ఇన్ని నెలల్లో వాడు తండ్రితో అన్న మొదటి మాట అది. ఆయన కాసేపు మ్యాట్ మీదే కూర్చున్నాడు. తర్వాత, "మళ్లీ పట్టు" అన్నాడు. ఈసారి చెయ్యి మెడకు చుట్టుకోగానే రెండుసార్లు తట్టాడు. అబ్బాయి వెంటనే వదిలాడు. "ఎలా పట్టావురా, చూపించు" అని తండ్రి అడిగాడు. కొడుకు ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని, మోచెయ్యి ఎక్కడుండాలో, గడ్డం ఎలా దించుకోవాలో చూపించాడు. తగాదాలు తీర్చే మనిషి బుద్ధిగా తల ఊపుతూ విన్నాడు. లెక్కల మార్కులేమీ మారలేదు. కానీ ఆ రాత్రి తిరిగొస్తుంటే వాళ్ల బండి మా అందరికంటే వెనకబడింది. మాట్లాడుకుంటూ వచ్చేవాళ్లు నెమ్మదిగానే నడుపుతారు కదా.

తగ్గింపు అంటే తట్టేవాడి పని మాత్రమే అని మేము అనుకునేవాళ్లం. మ్యాట్ మీద తెలిసింది వేరు. తట్టేవాడు "నీ చేతిలో ఉన్నాను" అని ఒప్పుకుంటాడు. వదిలేవాడు తన చేతిలో ఉన్న బలాన్ని అడిగిన వెంటనే దించేస్తాడు. ఈ ఇద్దరిలో ఒక్కడు మొండికేసినా ఎముకలు విరుగుతాయి. ఇద్దరూ మాట నిలబెట్టుకుంటే, ఒకరినొకరు రోజుకు పదిసార్లు ఓడించుకుని, చేతులు కలుపుకుని ఇంటికి పోతారు.

మన ఇళ్లలో మ్యాట్ లేదు, మాస్టారు లేడు. కానీ తట్టేవాళ్లు ఉన్నారు. భార్య మాట మధ్యలో ఆపి వంటింట్లోకి వెళ్లిపోతుంది. పిల్లవాడు కంచం ముందు తల దించుకుంటాడు. వయసు మళ్లిన తండ్రి "సరేలే, మీ ఇష్టం" అంటాడు. ప్రియులారా, ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా అలా తడితే మొదటిసారికే వదిలేయండి. రెండోసారి తట్టేదాకా ఆగకండి.