నలువదియవ అధ్యాయములో నేను దాటిపోయిన వచనము



నిరుడు వేసవిలో ఒక నెల దినములు జర్మనీ దేశమందుండి వచ్చితిని. మా కుమార్తె అక్కడ నర్సుగా పనిచేయుచు లైప్‌జిగ్ పట్టణములో కాపురమున్నది. కాన్పు సమయమున నా భార్య పోయి మూడు నెలలుండి వచ్చినది. మనుమనికి ఎనిమిదవ నెల వచ్చినప్పుడు నా వంతు వచ్చినది.

తిరిగి వచ్చినది మొదలు మన తీరపు సంఘములవారు, “అయ్యగారూ, అక్కడ ఏమేమి చూస్తిరి?” అని అడుగుచున్నారు. చూచినదానికంటె, చూడక వచ్చినదానిని గూర్చియే ఈ మాటలు వ్రాయుచున్నాను.

లైప్‌జిగ్‌కు రైలులో అరగంట దూరమున, సాలె నది యొడ్డున హల్లె అను పాత పట్టణమున్నది. తెలుగు క్రైస్తవులు ఆ పేరు మరువరాదు. 1719లో తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ, 1726లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. 1743లో స్వదేశమునకు పోయి, 1746, 1747 సంవత్సరములలో హల్లెలో చిన్న చిన్న తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకములు అవియే అందురు. వాటిలో ఒకదాని పేరు ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’. మన సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతములకు హెర్మాన్స్‌బర్గ్ మిషనరీలు వచ్చుటకు నూరేండ్లకు ముందు జరిగిన సంగతి ఇది. అయితే ఆయన ఎంతో కష్టపడి చేసిన బైబిలు తర్జుమా మాత్రము అచ్చునకు రానేలేదు.

సెమినరీలో చదువుకొన్న దినములనుండి ఆ పుస్తకములలో ఒకటి కన్నులార చూడవలెనని నాకు ఆశ. మా అమ్మాయి ముందుగా ఉత్తరము వ్రాసి, ఒక దినమున పదకొండు గంటలకు చూచుటకు అనుమతి సంపాదించినది. ఆ ఉదయమున ఆమెయు నేనును, చక్రముల బండిలో బిడ్డయు, రైలెక్కితిమి.

ఆ పట్టణపు సంతవీధిలో నాలుగు గోపురముల దేవాలయమొకటి యున్నది. 1546లో లూథరుగారు చనిపోయినప్పుడు ఆయన ముఖమునుండి తీసిన అచ్చు అందులో భద్రపరచియున్నారు. 1430లో పోతపోసిన బాప్తిస్మపు తొట్టి కూడ అక్కడ యున్నది. ‘మెస్సయ’ అను సంగీతమును కూర్చిన హాండెల్ పసిబిడ్డగా 1685లో బాప్తిస్మము పొందినది ఆ తొట్టియందే. నేను ఆ తొట్టి యొద్ద నిలిచి ఎంతసేపో చూచితిని.

కాని, చదువరులారా, ఆ వీధుల సంగతి చెప్పవలెను. పాత కాలమువారు రాళ్లు పరచిన వీధులవి. మన ఇసుకలో ఎద్దుబండి ఎట్లు కూరుకొనునో, ఆ రాళ్లమీద బిడ్డ బండి అట్లు గడగడలాడుచుండెను. మెట్లు వచ్చిన చోటనెల్ల ఇద్దరము చెరియొక వైపు పట్టి ఎత్తవలెను. ఒకచోట నా నడుము పట్టుకొనగా, ఎవరో పడుచువాడు వచ్చి, ఒక్క మాటయైన పలుకక, బండి ముందుభాగమును ఎత్తి, మెట్లపైన దింపి, తన దారిని పోయెను. వందనములు చెప్పుటకు నాకు వారి భాషలో మాట తోచునంతలో అతడు మూల మలుపు తిరిగెను.

తరువాత ఫ్రాంకె అయ్యగారి అనాథశాలకు పోతిమి. 1695లో తన ఇంటనుంచిన ధర్మపు పెట్టెలో ఎవరో వేసిన నాలుగు థాలర్లు, పదునారు గ్రోషెన్లు చూచి, అంత చిన్న సొమ్ముతోనే ఆయన పేదపిల్లలకు బడి ప్రారంభించెను. 1698లో అనాథశాలకు పునాదిరాయి వేసెను. 1727లో ఆయన చనిపోవునాటికి అక్కడ రెండువేలకు పైగా పిల్లలు చదువుచుండిరి. ఆ పెద్ద భవనపు నొసటను, సూర్యుని వైపు ఎగురుచున్న రెండు గ్రద్దలను చెక్కి, క్రింద యెషయా 40వ అధ్యాయము 31వ వచనమును వ్రాసియున్నారు. దానిని చూడగానే నా హృదయము పొంగినది. ఎందుకనగా అది నా వచనము. ముప్పది యేండ్లలో ఎన్ని కూటములలో దానిమీద ప్రసంగించితినో లెక్కలేదు.

సరిగా ఆ సమయముననే బిడ్డ ఏడుపు మొదలుపెట్టెను. పండ్లు వచ్చుచున్న కాలము. ఒళ్లు కొంచెము వెచ్చగా నుండెను. పాలు పట్టినను మానలేదు. పదకొండు కావచ్చినది. నిశ్శబ్దముగా చదువుకొనువారి మధ్యకు ఏడ్చుచున్న బిడ్డతో పోవుట మర్యాద కాదు. అప్పుడు మా అమ్మాయి నాతో ఇట్లనెను: “నాన్నా, మీరు పోయి రండి. బిడ్డను నేను చూసుకుంటా.”

ఆ మాట విని నేను నిలిచిపోతిని. ఆ మాట నేను ఇదివరకే వినియుంటిని.

1996లో మేము కాలువకు తూర్పున, సముద్రపు గట్టు పల్లెలో నుండగా, పొరుగూర మూడు దినముల సువార్త కూటములకు నేను ప్రసంగీకుడను. ఈ అమ్మాయికి అప్పుడు ఏడు నెలలు. బయలుదేరు దినమున బిడ్డ ఒళ్లు కాలిపోవుచుండెను. నా భార్య, “మీరు పోయి రండి. బిడ్డను నేను చూసుకుంటా” అనెను. నేను బైబిలు సంచి తీసికొని పోతిని. ఆ మూడు దినములును గ్రద్దలవలె పైకి ఎగురుటను గూర్చియే ప్రసంగించితిని. ఆమెయో, బిడ్డను చంకనెత్తుకొని, ఇసుకలో రెండు కోసులు నడిచి, బకింగ్‌హాం కాలువ దాటి, బస్సెక్కి, గూడూరు ఆసుపత్రికి చేరినది. ప్రభువు కృపచేత బిడ్డ బ్రదికినది.

నేను చేసిన తప్పు పోవుట మాత్రమే కాదు. తరువాత ఎన్నో సంవత్సరములు ఆ సంగతినే సాక్ష్యముగా చెప్పితిని: నేను దేవుని పనికి పోగా దేవుడు నా బిడ్డను స్వస్థపరచెనని. ఆ బిడ్డను ఎవరు మోసికొనిపోయిరో ఒక్కనాడును చెప్పలేదు. ఆ సాక్ష్యము వినుచు ఆమె స్త్రీల వైపు చాపమీద కూర్చుండెడిది.

“నీవు లోపలికి పో అమ్మా. వీడిని నేను చూచుకొందును” అంటిని. ఆమె నా ముఖము చూచి, “నాన్నా, దీనికోసరమే గదా వచ్చింది!” అనెను. “నీకును తెలుగు చదువ వచ్చును గదా. చూచి వచ్చి నాకు చెప్పుము” అని పంపితిని.

ఆ రాళ్లమీద బండి కదలినకొలది బిడ్డ ఏడుపు హెచ్చుచుండెను. కడకు బిడ్డను తీసి భుజముమీద వేసికొని, నా సంచిని బండిలో కూర్చుండబెట్టి, ఆ పొడుగైన ఆవరణలో అటునిటు తిరిగితిని. సంచిని బండిలో త్రోయుచు బిడ్డను మోయుచున్న ముసలివానిని చూచి, దారిని పోవువారు నవ్వుకొనిరి. నా కోటు భుజమంతయు చొంగతో తడిసెను. ఇంచుమించు అరగంటకు వాడు నిద్రపోయెను.

అప్పుడు ఆ గ్రద్దల క్రింద నాకు జ్ఞాపకము వచ్చినది: అదే యెషయా 40వ అధ్యాయములో, ఇరువది వచనములు ముందు, 11వ వచనమున్నది. అక్కడ దేవుడు కాపరివలె గొఱ్ఱెపిల్లలను రొమ్మున ఎత్తుకొనుచున్నాడు. పాలిచ్చు తల్లులను మెల్లగా నడిపించుచున్నాడు. ఎగురు వచనమును వందసార్లు ప్రసంగించినవాడను, మోయు వచనమును దాటిపోతిని. నేను దాటిపోయిన వచనమును నా భార్య ఇసుకలో నెరవేర్చినది. షుల్జ్‌గారి అచ్చుకాని బైబిలువలె ఆమె ప్రయాసయు ఏ పుస్తకములోనికిని ఎక్కలేదు. దేవుడు మాత్రము దానిని చూచెను.

మా అమ్మాయి బయటికి వచ్చి, “అక్షరాలు మనవే నాన్నా. పాత రాత, కూడబలుక్కుంటూ చదివాను” అనెను. నేను 1996 సంగతి ఎత్తి, నా తప్పు ఒప్పుకొంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అమ్మ మీ మీద ఎప్పుడూ ఏమీ చెప్పలా. కాలువ దగ్గర పడవ కోసరం పొద్దుగూకిందాకా నిలబడ్డానని మాత్రం ఒకసారి చెప్పింది” అనెను. ఆ సంగతి నాకు తెలియదు. నేను ఎన్నడును అడుగలేదు గనుక తెలియదు.

ఇంటికి వచ్చిన దినముననే నా భార్యను అడిగితిని. ఆమె చేట క్రింద పెట్టి, “ఇన్నేళ్లకా అడిగేది?” అని నవ్వి, కన్నులు తుడుచుకొని, ఆ దినపు సంగతి మొదటినుండి చెప్పెను. తరువాతి ఆదివారమున, ఆమె అనుమతితో, ఆ సాక్ష్యమును సంఘము ఎదుట మరల చెప్పితిని. ఈసారి పూర్తిగా చెప్పితిని.

సహోదరులారా, మన దేవాలయములలో బిడ్డ ఏడ్చిన యెడల తల్లియే లేచి బయటి అరుగుమీదికి పోవును. వాక్యము ఆమెకు దక్కదు. ఆ ఆదివారమున ప్రసంగము ముగియకమునుపే స్త్రీల వైపున ఒక బిడ్డ ఏడ్చెను. వేటకు పోవు మా పెద్దలలో ఒకరు లేచి, చాపల మధ్యగా నడచి వచ్చి, కోడలి చేతిలోని బిడ్డను తీసికొని, భుజాన వేసికొని బయటికి పోయిరి. ఆ కోడలు తిరిగి కూర్చుండి, బైబిలు తెరచినది.

నేను 11వ వచనము చదివితిని.