ఎనక ఎవరున్నరో సూసినవా?

మా బీర్కూరు మంజీర తీరాన ఉంటుంది. నా చిన్నప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే చోట వరి, చెరకు. నీళ్లెక్కని మెరక చేలల్లో జొన్న, మక్క. జొన్న కంకి పాలు పట్టే రోజుల్లో మంచె ఎక్కి చిలుకల్ని, పిట్టల్ని తోలడం పిల్లల పని. నా చేతికి మొదటి ఆయుధం అక్కడే అందింది. అది ఒడిశెల. జనుముతో పేనిన రెండు తాళ్లు, నడుమ రాయి పట్టేంత అల్లిక, అంతకు మించి ఏమీ లేదు. రాళ్లు మంజీర ఇసుకలోంచి ఏరుకొచ్చేవాళ్లం.

రాయి పెట్టి తిప్పడం మొదలుపెట్టగానే కింద నుంచి తాత ఒకే మాట అడిగేవాడు. "ఎనక ఎవరున్నరో సూసినవా?" పిట్టల వెనుక, కంకుల వెనుక, చేను గట్టు వెనుక అని. ప్రతిసారీ అడిగేవాడు, రోజుకు యాభైసార్లయినా సరే. ఒక పొద్దున చూడకుండా వదిలాను. గట్టు అవతల కలుపు తీస్తున్న ఒకామెకు బెత్తెడు దూరంలో పడింది రాయి. తాత నన్ను కొట్టలేదు. ఒడిశెల తీసుకుని దూలానికి కట్టేశాడు. పంట ఇంటికొచ్చేదాకా అది దిగలేదు. "రాయి నీ చేతిల ఉన్నంతసేపే నీ మాట ఇంటది" అన్నాడు.

ఇప్పుడు నేను ఉండేది టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాది షూటింగ్ రేంజ్‌లో చేరాను. అప్పటి నుంచి నెలకు రెండు శనివారాలు అక్కడే గడుస్తాయి. మొదటి రోజు తుపాకీ చేతికివ్వక ముందు గోడ మీది నాలుగు సూత్రాలు పైకి చదివించారు. జెఫ్ కూపర్ అనే మాజీ సైనికాధికారి ప్రచారంలోకి తెచ్చిన సూత్రాలవి. ప్రతి తుపాకీనీ తూటా ఉన్నదానిలాగే చూడాలి. చంపదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. లక్ష్యం ఏమిటో, దాని వెనుక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. నాలుగోది చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. అది మంచె కింద నిలబడి తాత అడిగిన మాటే.

ఆ మాట విలువ ఎంతో లెక్కల్లో కూడా చెప్పవచ్చు. తుపాకుల్లో చిన్నదని అందరూ తేలిగ్గా చూసే పాయింట్ టూటూ తూటాల డబ్బా మీద ఒకటిన్నర మైలు దాకా ప్రమాదమని అచ్చువేసి ఉంటుంది. అంటే దాదాపు రెండున్నర కిలోమీటర్ల దాకా. మా ఊరి నడుమ వదిలితే ఇళ్లన్నీ దాటి చేలల్లో నాట్లేస్తున్న మనిషి దాకా పోగలదు. అందుకే పెళ్లి బరాత్‌లలో గాలిలోకి కాల్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైకి పోయిన తూటా కిందికి రాక తప్పదు. మన దేశంలో 2019లో ఆయుధ చట్టాన్ని సవరించినప్పుడు, మనుషులకు ముప్పు తెచ్చేలా వేడుకల్లో కాల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. మంచి పని చేశారు.

రేంజ్‌కు కొత్తగా వచ్చే మనవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ తుపాకీ కొనాలని. పెద్ద కాలిబర్ పేర్లన్నీ వాళ్ల నోట్లో అప్పటికే ఆడుతుంటాయి. నా సలహా ఎప్పుడూ ఒక్కటే. ఏడాది పాటు పాయింట్ టూటూ రైఫిల్ తప్ప మరొకటి ముట్టుకోవద్దు. దానికి తన్ను ఉండదు, తూటా చవక. పెద్ద తుపాకీతో మొదలుపెట్టినవాడు పేలకముందే కళ్లు మూసుకోవడం, భుజం బిగించడం నేర్చుకుంటాడు. ఆ అలవాటు పోగొట్టడానికి తర్వాత ఏళ్లు పడతాయి. చెవులకు ప్లగ్గు, దాని మీద మఫ్ కూడా పెట్టుకోవాలి, ఎందుకంటే తుపాకీ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, బూట్లు గడప బయటే విడవాలి. సీసం దుమ్ము పాకే పిల్లలున్న కార్పెట్ మీదికి రాకూడదు.

చిన్నదానితో మొదలుపెట్టమంటే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. వాళ్లకు గగన్ నారంగ్ సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో పెరిగిన ఆ మనిషి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తో. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఈషా సింగ్ కూడా మన హైదరాబాద్ అమ్మాయే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. బీర్కూరు పిల్లలకు కూడా ఇది అందని పండు కాదు. పాయింట్ 177 బోరు దాటకుండా, ఇరవై జౌళ్ల శక్తికి లోబడి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. నేర్పే గురువు, వెనుక గట్టి గోడ ఉంటే చాలు. బాన్సువాడలో ఏదైనా బడి పూనుకుని ఒక గదిలో పది మీటర్ల వరుస వేస్తే బాగుండునని నాకు చాలా కాలంగా ఉంది.

ఊరికి ఫోన్ చేస్తే కాక ఎత్తుకునేది మాత్రం పందుల సంగతి. "నీ కాడ గన్ని బందూకులు ఉన్నయంట గద, గందుల ఒక్కటి ఈడుంటే మక్క చేన్ల ఒక్క పంది మిగులునా?" అంటాడు. ఆయన బాధ నాకు తెలుసు. ఒక్క రాత్రిలో అడవి పందుల మంద ఎకరం మక్క పడగొట్టి పోతుంది. డప్పు కొట్టి, టపాకాయలు పేల్చి, పాత చీరలు కట్టి, నిద్ర చెడగొట్టుకుని కాపలా కాసినా అంతే.

కానీ బందూకుతో అది తీరదని కాకకు ఎన్నిసార్లో చెప్పాను. టెక్సస్‌లోనూ అవే పందులు. ఇరవై లక్షలకు పైమాటే అని అంచనా. ఇక్కడ పొలం యజమాని ఒప్పుకుంటే చాలు, 2019 సెప్టెంబరు నుంచి వాటిని వేటాడటానికి లైసెన్సు కూడా అడగరు. రాత్రిపూట వేడిని పసిగట్టే దుర్భిణీలతో వేటాడేవాళ్లున్నారు, హెలికాప్టర్ల మీంచి కాల్చేవాళ్లున్నారు. అయినా పందులు తగ్గలేదు. మంద పెరగకుండా నిలవాలంటే ఏటా మూడింట రెండు వంతులు తీసెయ్యాలని ఇక్కడి వ్యవసాయ విస్తరణ నిపుణులు చెబుతారు. ఒక్క తూటాకు ఒక పంది పడితే మిగతా మంద చెదిరి, మరో చేనుకు పోయి, ఇంకా తెలివి మీరుతుంది. మంద మొత్తం ఒకేసారి దొరికే పెద్ద దొడ్డి పెట్టి, వారాల తరబడి మేత వేసి మచ్చిక చేసి, అన్నీ లోపలికి వచ్చాక తలుపు వెయ్యడమే ఇక్కడ పనిచేస్తున్న పద్ధతి. దానికి ఓపిక కావాలి, పక్క పొలాలవాళ్లు కలిసి రావాలి.

మన దగ్గర చట్టం వేరు. వన్యప్రాణి చట్టం కింద అధికారుల అనుమతి లేకుండా అడవి పందిని కొట్టకూడదు. పంట నష్టం ఉన్నచోట అనుమతి ఇచ్చే దారి కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ దారి పట్టుకుని నలుగురు రైతులు కలిసి అర్జీ పెట్టాలే గాని, చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం కట్టొద్దు. పందికి పెట్టిన తీగ తగిలి రాత్రి మోటరు వెయ్యడానికి పోయిన రైతులు చచ్చిపోయిన వార్తలు మన జిల్లాల నుంచి వస్తూనే ఉన్నాయి. ఆ తీగ చీకట్లో పందికీ మనిషికీ తేడా చూడదు. కాకకు ఇది తాత మాటల్లోనే చెప్పాను. ఆయన ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. ఆ ఏడు తీగ కట్టలేదు.

ఇక అసలు ఈ వ్యాసం రాయడానికి కారణమైన సంగతి. 2024 చివర్లో అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడన్న వార్త చదివాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తుపాకీ శుభ్రం చెయ్యడం రేంజ్‌లో మేం చేసే పనులన్నిటిలోకీ నెమ్మదైన పని. దానివల్ల ఒక పిల్లవాడు పోయాడంటే, పక్కన కూచుని ఒక్కసారి చేయించి చూపించేవాళ్లు లేకపోవడమే కారణమని నా మనసుకు తోచింది.

అందుకే వివరంగా రాస్తున్నాను. పిస్టల్ ఖాళీ చెయ్యడంలో వరుస ముఖ్యం. ముందు మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోని తూటాను బయట పడేయాలి. ఈ వరుస తిరగబడితే ఏమవుతుందో చూడండి. స్లైడ్ లాగగానే ఒక తూటా బయట పడుతుంది. వదలగానే స్లైడ్ ముందుకు పోతూ మ్యాగజైన్‌లోంచి మరో తూటాను ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీసినవాడు తుపాకీ ఖాళీ అయిందని నమ్ముతాడు. గ్లాక్ లాంటి పిస్టళ్లలో విడిభాగాలు ఊడదీయాలంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కక తప్పదు. లోపల ఒక్క తూటా మిగిలి ఉంటే అక్కడే పేలుతుంది. నేను స్లైడ్ వెనక్కి లాక్ చేసి, వెలుతురులో ఛాంబర్ చూసి, ఆ తర్వాత చిటికెన వేలు పెట్టి తడిమి చూస్తాను. కళ్లు అలవాటు మీద మోసపోతాయి, వేలు మోసపోదు. తూటాల డబ్బా ఆ గదిలో ఉండనివ్వను. గొట్టం ఎప్పుడూ పుస్తకాల బీరువా వైపు, దాని వెనుక బయటి ఇటుక గోడ. ఎవరైనా మాట్లాడించినా, ఫోన్ మోగినా మళ్లీ మొదటి నుంచి చూస్తాను. రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం ముందుకే పెట్టి ముప్పై సెకన్లు ఆగుతాను, తూటా ఆలస్యంగా పేలవచ్చు. చప్పుడు నీరసంగా వస్తే గొట్టంలో గుండు ఇరుక్కుందేమో చూసేదాకా రెండోది కాల్చను.

ఆ వార్త వచ్చిన కొన్ని వారాలకు మా కాలనీలో ఉండే ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, నేనూ ఒకటి తీసుకుందామనుకుంటున్న, గ్రీన్‌కార్డు ఉన్న దోస్తు తన పేరు మీద కొనిస్తనంటున్నడు" అన్నాడు. వాడు స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. కూచోబెట్టి చెప్పాను. స్టూడెంట్ వీసా అయినా హెచ్ వన్ బీ అయినా, ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని ఒక్క తూటా గాని దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా దగ్గర పెట్టుకున్నట్టే. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, చాలామంది ఆ దారినే కొంటున్నారు. ఆ లైసెన్సు గడువు తీరిన రోజున ఇంట్లో ఉన్న తుపాకీయే నేరమవుతుందని మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒకరి కోసం మరొకరు కొనివ్వడం ఇద్దరినీ ముంచుతుంది. ఈ నేరాలకు పదిహేనేళ్ల దాకా జైలు పడవచ్చు. చదువు పోతుంది, వీసా పోతుంది, అమ్మానాన్న తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. కుర్రాడు తల దించుకుని విన్నాడు. కొనలేదు.

ఇండియా వచ్చేవాళ్లకు ఇంకొకటి. ఒక ఏడాది ఊరికి బయల్దేరుతూ సామాను సర్దుకుంటుంటే నా భుజం సంచి పక్క జేబులో పాయింట్ టూటూ తూటా ఒకటి దొరికింది. నెలల కిందట అదే సంచి రేంజ్‌కు పట్టుకుపోయాను. అది శంషాబాద్‌లో స్కానర్ కింద దొరికి ఉంటే లైసెన్సు లేని తూటా కింద కేసు, కోర్టు చుట్టూ తిరగడం, కాలం గడిచిపోవడం. తెలియక వచ్చిందని కోర్టు నమ్మవచ్చు గాని, అది తేలేదాకా సెలవులు ఎవరిస్తారు? ఆ రోజు నుంచి రేంజ్ సంచి వేరు, ప్రయాణం సంచి వేరు. రేంజ్ సంచి గరాజ్ దాటి ఇంట్లోకి రాదు.

మా ఇంట్లో తుపాకులు ఉక్కు బీరువాలో ఉంటాయి, తూటాలు వేరే తాళంలో. పదిహేడేళ్లు నిండని పిల్లల చేతికి తూటా ఉన్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరం. చట్టం లేకపోయినా నేనిలాగే పెట్టేవాణ్ని. తాత ఒడిశెలను దూలానికి ఎందుకు కట్టాడో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

బీర్కూరు నుంచి, బాన్సువాడ నుంచి, బోధన్ నుంచి పిల్లల్ని అమెరికాకు పంపిన అమ్మలకు, బాపులకు నాదొక మనవి. వీడియో కాల్‌లో తిన్నావా అని రోజూ అడుగుతారు గదా. ఈ వారం ఇంకొక ప్రశ్న కూడా అడగండి. నీ గదిలో గాని, నీతో ఉండేవాళ్ల గదిలో గాని బందూకు ఉందా అని. ఉందంటే అది ఎవరి పేరు మీద ఉంది, ఎక్కడ తాళం వేసి ఉంది, ఖాళీ చెయ్యడం ఎవరు నేర్పారు అని అడగండి. మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఆ ఇల్లు మారమని చెప్పండి.