ఇద్దరు సూర్యులు



మొన్న కుటుంబ ప్రార్థన అవ్వగానే మా పెద్దవాడు ఫోన్ పట్టుకుంటే కోప్పడ్డాను. వాడు మాట్లాడకుండా ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి, "ఇదొక్కటీ వినండి నాన్నా" అన్నాడు.

1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమా. ఊరు వదిలి వెళ్లాలని తపించే కుర్రాడు లూక్ (మన సువార్త లూకా పేరే). ఇంకొక్క పంటకాలం ఉండమంటాడు బాబాయి. కుర్రాడు బయటికొచ్చి, ఇసుక నేల మీద నిలబడి, ఇద్దరు సూర్యులు అస్తమించడం చూస్తాడు. మాట లేదు. మొదట ఒక్క హార్న్ మెల్లగా పలుకుతుంది, ఆ వెనుక వయొలిన్లన్నీ అందుకుంటాయి. ఆ ఘట్టానికి జాన్ విలియమ్స్ ముందు వేరే సంగీతం రాశారు. దర్శకుడు జార్జ్ లూకాస్ మార్చమంటే ఈ బాణీ వచ్చింది. వాయించింది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. మన క్వయర్‌లో కీబోర్డు, డోలక్ కుదరడానికే అరగంట పడుతుంది!

ఆ కీబోర్డు వాయించేది మావాడే. డిగ్రీకి హైదరాబాదు వెళ్తానన్నప్పుడల్లా "ఆరాధనలో ఎవరు వాయిస్తారు, ఇంకో సంవత్సరం ఆగరా" అంటూ వచ్చాను. రెండేళ్లయింది.

ఇయర్‌ఫోన్ తీసి వాడికిచ్చి, ఫీజు ఎంతవుతుందని అడిగాను.