ట్రినిడాడు దీవి యాత్ర

సముద్రమధ్యమున పచ్చని దీవి యనగానే మనకు లంకయు ద్వారకయు స్ఫురించును గాని కారిబియను దీవులు స్ఫురింపవు. అయినను నరసరావుపేట ప్రాంతపు నల్లరేగడి నేలలో ప్రత్తియు మిరపయు పండించుకొను మన గృహములకును, భూగోళమున ఆవలి వైపుననున్న ఆ దీవులకును గల సంబంధము సామాన్యమైనది కాదు. గత వేసవి సెలవులలో దానిని కన్నులార చూచు భాగ్యము నాకు కలిగినది. ట్రినిడాడులోని విశ్వవిద్యాలయమున బోధకుడుగా నున్న మా తమ్ముడు పిలువగా, మావారును నేనును బయలుదేరితిమి.

హైదరాబాదునుండి లండను మీదుగా విమానములో పోయితిమి. అచట మధ్యాహ్నము 12 గంటలగునప్పటికి మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఈ దీవి దక్షిణ అమెరికాలోని వెనిజులా తీరమునకు అతి సమీపమున నున్నది. 1498వ సంవత్సరము జూలై 31వ తేదీన కొలంబసు తన మూడవ యాత్రలో దీనిని చూచి, క్రైస్తవుల త్రియేకదైవము పేరున ట్రినిడాడు అని పిలిచెను. కొబ్బరి, అరటి, మామిడి, పనస చెట్లను చూచిన కోనసీమకు వచ్చితిమా యని తోచును.

యాత్రికులందరును చూచు వింతలను మేమును చూచితిమి. లాబ్రియా యను చోట సుమారు 100 ఎకరముల వైశాల్యము గల తారు సరస్సున్నది. దానిపై నడచిపోవచ్చును. సాయంకాలము పడవపై కారోని చిత్తడినేలలకు పోతిమి. సూర్యాస్తమయవేళ ఎఱ్ఱని కంకణపిట్టలు గుంపులుగుంపులుగా వచ్చి మడచెట్లపై వ్రాలెను. మాఘమాసమున మన కల్లములలో ఆరబోసిన మిరపపండ్ల రాసులే రెక్కలు తాల్చి వచ్చెనా యనిపించినది.

మిరప యనిన జ్ఞాపకము వచ్చినది. సోదరీమణులారా! మన గుంటూరు మిరప మనకు పుట్టింటిది కాదు, అత్తవారింటికి వచ్చిన కోడలు. అమెరికా ఖండమున పుట్టిన ఈ మొక్కను కారిబియను దీవులవారు పెంచి తినుచుండగా, కొలంబసు 1492లో ప్రారంభించిన మొదటి యాత్రలోనే చూచెను. పిమ్మట 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని మన దేశమునకు తెచ్చిరి. అంతకు పూర్వము మన వంటలకు కారమనిన మిరియములు, పిప్పళ్లు, అల్లము మాత్రమే. పల్నాట సంచరించిన శ్రీనాథుడు సహితము మిరపకాయ రుచి ఎఱుగడు! నేడు మన ఇంట మిరపకాయ లేని పూట గలదా? ట్రినిడాడులోని మొరుగ యను ఊరి మిరపను ప్రపంచములోని ఘాటైన మిరపలలో నొకటిగా 2012లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. గుంటూరువారమని మేము గర్వించితిమి గాని, దాని తునకయైనను నోట నిడ సాహసింపలేదు.

ప్రత్తి కథయు నిట్టిదే. 1926లో ఈ దీవిలో ప్రత్తి పరిశోధనాలయమును స్థాపించిరి. అందు ప్రత్తిజాతుల పుట్టుపూర్వోత్తరములను శోధించిన హచిన్సను పండితుడు, 1933 మొదలు కొన్నేండ్లు ఇండోరులో మన ప్రత్తిని పరిశీలించి మరల ఇచటికే వచ్చెను. నేడు మన చేలలో విస్తారముగ పండునదియు అమెరికా జాతి ప్రత్తియే.

ఆ మొక్కలు ఇటు వచ్చినట్లే మన మనుష్యులు అటు పోయిరి. 1838లో బానిసలకు సంపూర్ణ విముక్తి కలిగిన పిదప, చెఱకుతోటల యజమానులు కూలీలకై మన దేశము వైపు చూచిరి. 1845 మే 30వ తేదీన మొదటి యోడ కలకత్తానుండి వచ్చి చేరెను. 1917 వరకు 1,40,000 మందికి పైగా ఐదేండ్ల ఒడంబడికపై వచ్చిరి. అధికసంఖ్యాకులు ఉత్తరదేశీయులు, మదరాసు రేవునుండి వచ్చినవారు కొలదిమంది. వారిలో తమిళులును తెలుగువారును గలరు. అందరికిని అచట "మదరాసీలు" అనియే పేరు. తిరిగి స్వదేశము చేరినవారు స్వల్పము. మే 30వ తేదీ నేడచట సెలవుదినము. ఆనాడు చీరలు కట్టిన వనితలు ఊరేగుచుండగా చూచి నా కన్నులు చెమర్చినవి.

వాటర్లూ యను గ్రామమున సముద్రములో ఒక దేవాలయము గలదు. చిన్ననాడు తల్లిదండ్రులతో కూలియోడలో వచ్చిన శివదాసు సాధువు, చెఱకుతోటల కంపెనీ నేలపై మొదట గుడి కట్టెను. 1952లో దానిని కూలద్రోసి, ఆయనను చెరసాలలో నుంచిరి. నేల పరులదైనను సముద్రము ఎవ్వరి సొత్తును కాదని తలచి, ఆయన సైకిలుకు బాల్చీలు తగిలించి ఏండ్ల తరబడి రాళ్లు మోసి, నీటిలో దారి వేసి గుడి కట్టెను. సేతుబంధనమున వానరసేన యుండెను. ఇచట ఒక్క మనుష్యుడు! శిథిలమైన ఆ గుడిని 1995లో ప్రభుత్వమువారు పునరుద్ధరించిరి.

అయితే నా మనస్సున హత్తుకొనినది గుడి కాదు, వంటిల్లు. మా తమ్ముని పొరుగింట ఒక వృద్ధురాలు గలదు. ఆమె ముత్తవ్వ మదరాసునుండి వచ్చెనట. ఆమె వంటింట అట్లపెనమునకు తావా యనియు, అప్పడాలకఱ్ఱకు బేల్నా యనియు, చెంబునకు లోటా యనియు పేళ్లు. అవన్నియు ఉత్తరాదివారి మాటలు. ఆమె మామిడికాయ తురిమి, ఎండబెట్టి, మసాలాయు ఆవనూనెయు కలిపి "కుచేలా" యను పచ్చడి పెట్టుచుండగా చూచితిని. నేను గుంటూరునుండి కొనిపోయిన ఆవకాయ ఇచ్చితిని. ఆమె మూత తీసి వాసన చూచి చాలసేపు మాటాడలేదు.

"మా అవ్వ చేతి వాసన ఇట్లే యుండెడిది," అని ఆంగ్లమున పలికి, "మా పూర్వులు తల్లిని ఏమని పిలిచియుందురు?" అని యడిగినది.

ఆమె పూర్వులు తెలుగువారో తమిళులో చెప్పు కాగితమేదియు ఆ యింట లేదు. అయినను నాకు సంశయము కలుగలేదు. "అమ్మ" అంటిని. రెండు భాషలందును అదియే కదా! ఆమె ఆ మాటను రెండు మూడు మార్లు మెల్లగా అనుకొనినది.

ఆ యింట ఆవపిండి ఘాటు నాలుగు తరములు నిలిచినది; భాష నిలువలేదు. తోటపని చేయు చేతులకు విరామము లేక, చుట్టుపట్ల తన మాట మాటాడువారు లేక, ఆ తల్లి తన బిడ్డలకు దానిని అందింపలేకపోయినది. ఆమెను తప్పుపట్ట నెవరి తరము? ఇప్పుడు మన బిడ్డలును విదేశముల కేగుచున్నారు. వారి యోడలు వేరు, ఒడంబడికలు వేరు. మనము వారి పెట్టెలలో కారపుపొడులును ఊరగాయలును సర్దుచున్నాము. అది చాల మంచి పని. వానితోడనే దినమునకు నాలుగు తెలుగు మాటలును పంపుచుండుట మన చేతిలోనిదే. దానికి ఏ విమానమునను బరువు కట్టరు.