ఎల్లారెడ్డి గిటారు – కామారెడ్డి బేరము

కామారెడ్డి 2016 అక్టోబరులో నిజామాబాదు జిల్లానుండి వేఱుపడి జిల్లా కేంద్రమైనది. సికిందరాబాదునుండి మన్మాడునకు పోవు రైలుమార్గము ఈ పట్టణము మీదుగా పోవును. పడమటి దెస సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న ఎల్లారెడ్డికి మాత్రము రైలు లేదు, బస్సులోనే పోవలయును. ఎల్లారెడ్డికి చేరువను పోచారము చెఱువును, మఱికొంత దూరమున 1923-31 సంవత్సరముల నడుమ మంజీరపై కట్టిన నిజాంసాగరమును కలవు. వానిని చూడగోరి బతుకమ్మ పండుగ దినములలో మేము మా చెల్లెలి యింటికి పోయితిమి. కాని పోయిన మఱునాడే ఒక గిటారు సంగతి మా మీద పడినది.

చెల్లెలి కూతురు పదమూడేండ్ల పిల్ల. ముచ్చటపడి అడిగినందున తండ్రి నగరమున ఒక అంగడిలో 2,800 రూపాయలకు గిటారు కొనితెచ్చెను. అది ఆఱు నెలలుగా గోడకు వ్రేలాడుచున్నది. ఏమమ్మా వాయింపవని మేమడుగగా, “పెద్దమ్మా, వేళ్లు కోసికొని పోవుచున్నవి. నాకు సంగీతము రాదు” అని తల వంచుకొనెను. చెల్లెలు చీటీ సొమ్ము 8,000 రూపాయలు దాచి మంచిది కొందమని తలచుచున్నది. మఱిదిగారు మాత్రము, ఇక నొక్క పైసయైనను పెట్టనని భీష్మించిరి. తనకు రాదని పిల్ల నమ్మిపోవుటయే మాకు మిక్కిలి కష్టము తోచినది.

మఱునాడు గిటారును చీరలో చుట్టి, తల్లీకూతుండ్రతో కామారెడ్డి బస్సెక్కితిమి. త్రోవలో లింగంపేట. మెట్లు మెట్లుగా లోనికి దిగు ప్రాచీనమైన నాగన్న బావి ఇచ్చటనే కలదు. కామారెడ్డి బెల్లమునకు పూర్వమునుండి పేరు పొందిన ఊరు. బజారులో నొక ముసలమ్మ బెల్లపు దిమ్మను కొనుచు, అంచు విఱిచి, నోట వేసికొని, వ్రేళ్లతో నలిపి చూచి గాని ధర మాటాడలేదు. బెల్లమునకు మనము చేయు పరీక్ష గిటారునకేల చేయలేదని మాకు సిగ్గు కలిగెను.

అక్కడ గిటారు నేర్పుచు, వాద్యములను బాగుచేయు నొక యువకుని కలిసికొంటిమి. అతడు దండిని కంటికెదురుగా పట్టి, బాణము వంక చూచినట్లు చూచి, “వంపు లేదమ్మా, ప్రాణమున్నది” అనెను. పిమ్మట పండ్రెండవ మెట్టుకడ కొలబద్ద నుంచి చూపెను. తీగ మెట్టుకు మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తున నున్నది, రెండున్నర చాలును. అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గవలెనన్న, గుఱ్ఱము మీది పట్టీని అడుగున రెండు మిల్లీమీటర్లు అరుగదీయవలెనట. బిరడల చెంతనున్న గాళ్ల పట్టీయు ఎత్తుగానే యుండెను. అతడు రెంటిని సవరించి, సన్నని తీగలు వేసి, 650 రూపాయలు పుచ్చుకొనెను.

పని జరుగుచుండగా ధరల మాట వచ్చినది. రోజ్‌వుడ్ అని వర్తకులు పిలుచు ఇరుగుడు కఱ్ఱ గిటారునకు వెనుక పలకగాను, మెట్ల పలకగాను వాడుదురు. 2017 జనవరినుండి ఆ జాతి కలపతో దేశాంతర వ్యాపారము చేయుటకు అనుమతి పత్రములు కావలసివచ్చెను. తయారైన వాద్యములకు 2019 నవంబరున సడలింపు దొరకెను. ఈ నడుమ పెక్కుమంది వేఱు కఱ్ఱలకు మరలిరి. 2017లోనే వచ్చిన వస్తుసేవల పన్ను గిటారునకు మొదట నూటికి 28, నవంబరునుండి 18 చొప్పున నుండెను. చేతితో చేసిన మన దేశవాళి వాద్యములకు ఆనాడు పన్ను లేదు. 2020లో మహమ్మారి వలన ఇండ్లలో నిలిచిన జనులు గిటారు నేర్వబూనుటచే లోకమంతట గిరాకి పెరిగెను. ధర పెరిగినప్పుడు చవుకసరకులో కోత పడునది రంగునందు గాదు, పనితనమునందే.

సోదరీమణులారా! మీ బిడ్డలకై కొనబోవునప్పుడు ఈ నాలుగు విషయములు మఱువకుడు. దండి వంకర లేక యుండవలెను. మొదటి మెట్టుకడ నొక్కినప్పుడు చిన్నవారి వ్రేలికి బాధ కలుగరాదు. పండ్రెండవ మెట్టుపై తీగను మెల్లగా తాకి మీటిన స్వరమును, నొక్కి మీటిన స్వరమును ఒక్కటిగా వినబడవలెను. గుఱ్ఱము పలకనుండి లేచియుండరాదు, మెట్ల అంచులు చేతికి గీచుకొనరాదు. క్రొత్తగా నేర్చువారికి నైలాను తీగల గిటారు వ్రేళ్లకు సులువు. ఈ పరీక్షకు నిలిచినచో ఒకరు వాడి విడిచినదైనను మేలే. కొన్న పిమ్మట ఎండలో నుంచరాదు. మన వేసవికి అతుకులు విడును, పలకలు పగులును.

చీటీ సొమ్ము చాలవఱకు మిగిలినది. చెల్లెలు దానిని ఆ యువకుని యొద్ద పాఠములకు కట్టెను. 2023 డిసెంబరు 9వ తేదీని మొదలైన మహాలక్ష్మి పథకముచే ఆర్టీసీ బస్సులో ఆడువారికి ఛార్జీ లేదు గనుక, వారమున కొకనాడు పోయివచ్చుట భారము గాదు.

తిరుగు బస్సులో పిల్ల గిటారును మఱల చీరలో చుట్టనీయలేదు. లింగంపేట దాటునప్పటికి మూడు స్వరములు తప్పులేక పలికించెను. నాల్గవది తప్పినది; నవ్వి, మఱల మొదటినుండి ప్రారంభించెను. పోచారము చెఱువును మేము చూడనేలేదు. మఱుసటి పండుగకు చూతుము.