మొరాయించిన పలక

టాబ్లెట్ అంటే పెద్దవాళ్ళకు మాత్ర. తెలుగు పంతులును గనుక నేను పలక అంటాను. 2014 నాటి నా విండోస్ పలకలో, చెన్నేకొత్తపల్లిలో శనక్కాయలు ఒలుస్తూ ఆడవాళ్ళు పాడిన పాటలు నలభై దాకా ఉన్నాయి. పాడినవారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. అటువంటిది ఒకనాడు విండోస్ తెరుచుకోనని మొరాయించింది.

ధర్మవరంలో ఒక దుకాణదారు చూసి, "అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తే సరి సార్" అన్నాడు. ఎంత తేలికైన మాట! లోపలి మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది. ఊడదీసి ఇంకో యంత్రానికి తగిలించే వీలులేదు.

ఇక బయటినుంచి పెన్‌డ్రైవుతో లేపాలి. నా శిష్యుడొకడు పూనుకున్నాడు. ఆ కాలపు ఇంటెల్ ఆటమ్ పలకలు చాలావాటికి ఒక తిరకాసు ఉందట: ప్రాసెసరు 64 బిట్లది, దాన్ని లేపే ఫర్మ్‌వేరు 32 బిట్లది. మామూలు 64 బిట్ల పెన్‌డ్రైవును అది గుర్తించదు. 'బూట్ఐఏ32' అనే చిన్న ఫైలు అందులో ఉండాలి. లినక్స్ కెర్నెలు ఈ విడ్డూరపు జంటతో కాపురం చేయడం నేర్చింది 2014లోనే.

ఉన్నది ఒకటే రంధ్రం, ఛార్జింగుకూ అదే. రాత్రంతా ఛార్జింగు పెట్టి, తెల్లవారి ఓటీజీ తీగ, దానికి హబ్బు, హబ్బుకు కీబోర్డూ పెన్‌డ్రైవూ తగిలించాము. సెక్యూర్ బూట్ ఆపాడు. తెర వెలిగింది, కాని పక్కకు ఒరిగి! మెడ వంచి చదువుకున్నాము. పాటలన్నీ మరో పెన్‌డ్రైవులోకి చేరేసరికి బ్యాటరీ అడుగంటింది.

"విండోస్ కూడా బాగుచేయమంటారా సార్?"

"ఉండనీ నాయనా, ముందు ఆ రెండో పాట పెట్టు" అన్నాను.